మూడో సీటులోని మనిషి

చరిత్ర గురించి రాయడానికి నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోదగిందేమీ లేదు. హోసూరులో తెలుగు మాధ్యమంలో చదివి, బెంగళూరులో బి.కాం. పూర్తిచేసి, బ్యాంకులో చేరి ముప్పయ్యేళ్ళు దాటింది. అంకెలు తప్ప వేరే విద్య రాదు. అయితే మా చిన్నాన్న బెంగళూరు విమాన కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసేవాడు. సెలవులకు వాళ్ళింటికి పోతే మిద్దె మీద పడుకొని, శబ్దం విని ఏ విమానమో చెప్పే ఆట ఆడేవాళ్ళం. ఆ పిచ్చి ఇప్పటికీ వదలలేదు. ఆదివారం అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్ళ ముందు నిలబడ్డానంటే నా చేయి మొదట పోయేది విమానాల పుస్తకాల మీదికే.

అట్లా దొరికిన, అట్ట చిరిగిపోయిన ఒక పుస్తకంలో ఈ విమానం బొమ్మ చూశాను. పొడుగాటి ఒంటి ఇంజను విమానం. వీపు మీద ముందునుంచి వెనకదాకా అద్దాల పందిరి. ఆ పందిరి కింద మూడు తలలు. పేరు ఫెయిరీ బ్యాటిల్. మా ఆఫీసులో ఈ పేరు చెబితే ఒకాయన "ఏం బాటిల్ సార్?" అన్నాడు. సీసా కాదు, యుద్ధమనే అర్థంలో పెట్టుకొన్న పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకొన్నారో.

మన పెద్దవాళ్ళకు రెండో ప్రపంచ యుద్ధమంటే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడిన జపాను బాంబులు గుర్తు. నేను చెప్పబోయేది దానికి రెండేళ్ళ ముందు, బెల్జియంలో ఒక కాలువ వంతెన దగ్గర జరిగిన సంగతి. మనకూ దానికీ చుట్టరికం లేదు. అయినా బ్యాంకువాడికి అందులో తెలిసిన ముఖాలు చాలా కనిపించాయి.

మొదట విమానం పుట్టుక. 1930ల మొదట్లో బ్రిటిష్ వైమానిక దళం దగ్గర ఉన్న తేలికరకం బాంబర్లు రెండు రెక్కల వరుసలవి, పైన గుడ్డ కప్పినవి. వాటి స్థానంలో కొత్తది కావాలని వైమానిక మంత్రిత్వశాఖ 1933లో ఒక నమూనా పత్రం విడుదల చేసింది. ఒకే ఇంజను ఉండాలి, వెయ్యి పౌన్ల బాంబులు మోయాలి, దూరం పోగలగాలి. ఆ రోజుల్లో జెనీవాలో నిరాయుధీకరణ సభ జరుగుతూ ఉండేది. బాంబరు విమానాల బరువు మీద అంతర్జాతీయంగా ఆంక్ష పెడతారేమోనన్న అనుమానం ఉండేది. పెడితే పనికి వచ్చేది ఇట్లాంటి చిన్న బాంబరే. సభ ఏమీ తేల్చకుండానే ముగిసింది. ఆంక్ష రాలేదు గాని, ఆంక్షను ఊహించి గీసిన విమానం మాత్రం వచ్చేసింది.

ఫెయిరీ కంపెనీలో దీన్ని రూపొందించినవాడు మార్సెల్ లోబెల్. విచిత్రం చూడండి, ఆయన బెల్జియం దేశస్థుడు. మొదటి నమూనా 1936 మార్చి 10న ఎగిరింది. అప్పటికి అది అందమైన విమానమే. ఒంటి వరుస రెక్కలు, లోహపు ఒళ్ళు, లోపలికి ముడుచుకొనే చక్రాలు, రోల్స్‌రాయిస్ వారి కొత్త మెర్లిన్ ఇంజను. ఆ ఇంజనుతో ఉత్పత్తికి వచ్చిన మొదటి విమానం ఇదే. అది మోస్తున్న పాత బాంబర్ల కన్నా రెట్టింపు బాంబులు మోసింది, వేగంగానూ పోయింది. అడిగిన నమూనాకు తక్కువేమీ కాలేదు. 1937లో స్క్వాడ్రన్లకు చేరింది.

తప్పు ఎక్కడంటే, నాలుగేళ్ళలో ప్రపంచం ముందుకు పోయింది. అదే మెర్లిన్ ఇంజనును హరికేన్, స్పిట్‌ఫైర్ ఫైటర్లలోనూ పెట్టారు. వాటిలో కూర్చునేది ఒక్కడు, మొత్తం బరువు ఆరు వేల పౌన్లు, కాస్త అటూ ఇటూ. బ్యాటిల్‌లో ముగ్గురు మనుషులు, వెయ్యి పౌన్ల బాంబులు, అన్నీ కలిపి పదివేల పౌన్లు దాటుతుంది. ఒకే ఎద్దును ఒకచోట గూడు బండికి, మరొకచోట ఇటుకల బండికి కట్టినట్టు. బ్యాటిల్ వేగం గంటకు 257 మైళ్ళు, అదీ పదిహేను వేల అడుగుల ఎత్తున. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109 దాదాపు 350 మైళ్ళు పోతుంది. రక్షణకు బ్యాటిల్ దగ్గర ఉన్నవి రెండే మెషిన్‌గన్లు. రెక్కలో ఒకటి, ముందుకు కాల్చేది. వెనక సీటులో ఒకటి, చేత్తో తిప్పి కాల్చేది. విమానం పొట్ట కింది వైపు చూసే కన్నూ లేదు, తుపాకీ లేదు.

ఇది వాళ్ళకు తెలియదా? తెలుసు. యుద్ధానికి ముందే, ఇది పాతబడిపోయిందని శాఖలో ఒప్పుకొన్నవాళ్ళు ఉన్నారు. మరి ఎందుకు చేస్తూ పోయారు? ఇక్కడే నాకు మార్చి 31 గుర్తుకొస్తుంది.

1934లో స్టాన్లీ బాల్డ్విన్ పార్లమెంటులో ఒక మాట ఇచ్చాడు. తమ దేశానికి చేరువలో ఉన్న ఏ దేశం కన్నా వైమానిక బలంలో బ్రిటన్ తక్కువ కాదని. 1935 మార్చిలో హిట్లర్ తనను చూడవచ్చిన బ్రిటిష్ మంత్రితో, మేము మీకు సమానమైపోయామని చెప్పాడు. ఇక అక్కడినుంచి లెక్కల తగవు. వాళ్ళ దగ్గర ఎన్ని, మన దగ్గర ఎన్ని. అటువంటి తగవులో ఒక విమానం ఎంత పనికొస్తుందన్నది వెనక్కు పోతుంది, ఎన్ని ఉన్నాయన్నది ముందుకొస్తుంది. మొదటి నమూనా ఇంకా నేల విడవకముందే, 1935లోనే, 155 బ్యాటిళ్ళకు ఆర్డరు పోయింది. తర్వాత వందలు వందలుగా పెంచారు. ఫెయిరీ వారి కర్మాగారం చాలక, కార్లు చేసే ఆస్టిన్ కంపెనీ చేత బర్మింగ్‌హామ్ దగ్గర కొత్త కర్మాగారం పెట్టించి అక్కడా చేయించారు. ఆ ఒక్క చోటే వెయ్యికి పైగా తయారయ్యాయి. మంచి విమానం నమూనా సిద్ధమయ్యేదాకా కర్మాగారాలు ఖాళీగా ఉండకూడదు, పని నేర్చిన కూలీలు చెదిరిపోకూడదు. అందుకని పాతదే చేస్తూ వచ్చారు. అంతా కలిపి దాదాపు 2,200 బ్యాటిళ్ళు. యుద్ధం మొదలయ్యేనాటికే వెయ్యికి పైగా దళానికి అందాయి.

దీన్ని మూర్ఖత్వమని ఒక్క మాటలో కొట్టేయడానికి నాకు మనసొప్పదు. కర్మాగారం నడుస్తూ ఉండడం వల్లనే తర్వాత మంచి విమానాలు త్వరగా వచ్చాయి. అది నిజమైన లాభమే. కాని మా వృత్తిలో ఒక సంగతి అందరికీ తెలుసు. వసూలు కాని అప్పును కూడా ఆస్తుల వైపు రాసి సంవత్సరాంతం గట్టెక్కించవచ్చు. కాగితం మీద బ్యాంకు బలంగానే ఉంటుంది. ఎవరైనా వచ్చి నా డబ్బు నాకియ్యండి అని కిటికీ దగ్గర నిలబడే రోజుదాకా.

ఆ రోజు 1940 మే 10న వచ్చింది.

అంతకుముందే ఒక హెచ్చరిక వచ్చి పోయింది. యుద్ధం ప్రకటించడానికి ఒక రోజు ముందు, 1939 సెప్టెంబరు 2న, పది స్క్వాడ్రన్ల బ్యాటిళ్ళు ఫ్రాన్సుకు వెళ్ళి రేమ్స్ పట్టణం చుట్టుపట్ల దిగాయి. సెప్టెంబరు 20న ఒక బ్యాటిల్ వెనక సీటులోని గన్నరు ఒక మెసర్‌ష్మిట్‌ను కూల్చాడు. బ్రిటిష్ లెక్క ప్రకారం ఆ యుద్ధంలో వారి వైమానిక దళానికి దక్కిన తొలి విజయం అదే. పది రోజులకే, సెప్టెంబరు 30న, అయిదు బ్యాటిళ్ళు జర్మన్ సరిహద్దు మీద చూపు వేసి రావడానికి పోతే మెసర్‌ష్మిట్లు పట్టుకొన్నాయి. నాలుగు కూలిపోయాయి, అయిదోది తిరిగివచ్చి దిగేటప్పుడు పనికిరాకుండా పోయింది. అయిదుకు అయిదూ ఖర్చు. పైవాళ్ళు, ఫైటర్ల తోడు లేకుండా పగటిపూట అటు పోవద్దన్నారు. అంతే, మళ్ళీ ఏడు నెలలు చలికాలం, మంచు, ఎదురుచూపు.

మే 10న జర్మన్లు హాలండు, బెల్జియం, లక్సెంబర్గుల మీదికి కదిలారు. ఆ మధ్యాహ్నం లక్సెంబర్గులో దారుల వెంట వస్తున్న సేనల మీదికి 32 బ్యాటిళ్ళను పంపారు. ఎత్తున పోతే మెసర్‌ష్మిట్లు చూస్తాయి గనుక 250 అడుగుల్లో, అంటే తాడిచెట్ల మీదుగా పొమ్మన్నారు. నేల మీద ఉన్నవాడు తుపాకీ ఎత్తితే చాలు తగిలే ఎత్తు అది. పదమూడు తిరిగి రాలేదు, వచ్చినవాటిలో చిల్లులు పడనిది లేదు. మరునాడు ఎనిమిదింటిని పంపితే ఒక్కటి వచ్చింది.

ఇప్పుడు వంతెనల సంగతి. బెల్జియంలో మాస్ట్రిక్ట్ పట్టణానికి పడమరగా ఆల్బర్ట్ కాలువ ఉంది. దాని మీద వెల్డ్‌వెజెల్ట్, వ్రోన్‌హోవెన్ అనే రెండు ఊళ్ళ దగ్గర వంతెనలు. మే 10 తెల్లవారుజామున జర్మన్ సైనికులు ఇంజన్లు లేని గ్లైడర్లలో చప్పుడు లేకుండా వచ్చి దిగి, వాటిని బెల్జియం వాళ్ళు పేల్చివేసే లోపలే పట్టుకొన్నారు. వాటి మీదుగా జర్మన్ సేన బెల్జియంలోకి పారుతోంది. మే 11న బెల్జియం వారు తమ దగ్గరున్న విమానాలతో ఆ వంతెనలను కొట్టబోయారు. అవీ బ్యాటిళ్ళే. తొమ్మిది పోయాయి, ఆరు తిరిగి రాలేదు. వేసిన బాంబులు చిన్నవి, వంతెనలు చెక్కుచెదరలేదు.

మే 12, ఆదివారం. రేమ్స్‌కు ఉత్తరాన ఆమిఫోంతేన్‌లో ఉన్న 12వ స్క్వాడ్రన్‌కు ఆ పని వచ్చింది. ఇష్టమున్నవాళ్ళు ముందుకు రండి అంటే అందరూ వచ్చారు. చివరికి ఆ రోజు వంతులో ఉన్న ఆరు జట్లనే ఎంచారు. బయలుదేరే వేళకు ఒక విమానం మొరాయించింది, అయిదే లేచాయి. వ్రోన్‌హోవెన్‌కు రెండు, నార్మన్ థామస్ నాయకత్వంలో. వెల్డ్‌వెజెల్ట్‌కు మూడు, డొనాల్డ్ గార్లండ్ నాయకత్వంలో. పోయే ముందు ఈ ఇద్దరికీ వాదన జరిగింది. ఎత్తునుంచి దూకుతూ బాంబులు వేయడం మేలని థామస్, కిందనుంచి పోవడమే మేలని గార్లండ్. ఎవరి పద్ధతిలో వాళ్ళు పోయారు. తోడుగా కొన్ని హరికేన్లు ముందే పోయి అక్కడి మెసర్‌ష్మిట్లతో తలపడ్డాయి.

వంతెనల చుట్టూ జర్మన్లు రెండు రోజులుగా విమాన విధ్వంసక తుపాకులు వరుసలు వరుసలుగా నిలిపి ఉంచారు. థామస్ విమానం దెబ్బతిని ఆయన పట్టుబడ్డాడు. అతనితో పోయిన రెండో విమానం పైలట్, తన జట్టువారిని గొడుగులతో దూకించి, చెడిన విమానాన్ని ఎట్లాగో మిత్రసేనల వైపు తెచ్చి దించాడు. వెల్డ్‌వెజెల్ట్‌లో మూడుకు మూడూ పోయాయి. ఒకటి మంటలతో దిగి అందులోవాళ్ళు ఖైదీలయ్యారు. మరొకటి కూలి ముగ్గురూ పోయారు. గార్లండ్ విమానం కూలి ఆ ముగ్గురూ పోయారు. వంతెన పడమటి కొస దెబ్బతింది.

పట్టుబడినవారితో ఒక జర్మన్ అధికారి అన్నాడట. శుక్రవారం తెల్లవారి మేం వంతెన తీసుకొన్నాం, శుక్రవారం శనివారం రెండు రోజులూ మీరు ఊరుకొని మేం తుపాకులన్నీ సర్దుకొనేదాకా ఆగారు, అంతా సిద్ధమయ్యాక ఆదివారం మూడు విమానాలతో వచ్చారు, మీకు పిచ్చా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాళ్ళు ఆ గదిలో లేరు, లండన్‌లో ఉన్నారు.

గార్లండ్ ఐర్లండులో పుట్టినవాడు, వయసు ఇరవై ఒకటి. అతని ముగ్గురు సోదరులూ ఆ వైమానిక దళంలోనే చేరారు. యుద్ధం ముగిసేలోగా ఆ ముగ్గురూ పోయారు. నలుగురు కొడుకుల్లో ఒక్కడు మిగలలేదు ఆ ఇంట్లో. దారి చూపే అబ్జర్వరు థామస్ గ్రే, సార్జెంటు, ఇంగ్లండులో విల్ట్‌షైర్ పల్లెవాడు, ఏడుగురు అన్నదమ్ముల్లో ఒకడు. కుర్రతనంలో వైమానిక దళపు శిక్షణ పాఠశాలలో చేరి కింది మెట్టునుంచి పైకి వచ్చినవాడు. ఇంకో అయిదు రోజులుంటే ఇరవై ఆరు నిండేవి. బ్యాటిల్‌లో అబ్జర్వరు పని వినడానికే కష్టం. బాంబులు గురిచూడాలంటే పైలట్ సీటు కిందికి పాకిపోయి బోర్లా పడుకొని నేలలోని కంతలోనుంచి చూడాలి.

మూడోవాడు లారెన్స్ రేనాల్డ్స్. వయసు ఇరవై. హోదా లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, అంటే సార్జెంటు కన్నా కింద, మన పోలీసు శాఖలో కానిస్టేబులంతటివాడు అనుకోండి. వైర్‌లెస్ పని, వెనక తుపాకీ పని రెండూ అతనివే. ఆ రోజుల్లో గన్నరు పనిని వైమానిక దళం పెద్ద పనిగా లెక్కవేయలేదు. నేల మీద వేరే పని చూసుకొనే కుర్రవాళ్ళను అవసరమైనప్పుడు ఎక్కించుకొనేవారు. చొక్కా చేతి మీద రెక్కలున్న ఇత్తడి తూటా గుర్తు ఒకటి కుట్టుకొంటే గన్నరు. రేనాల్డ్స్ వెనక్కు తిరిగి కూర్చొనేవాడు. ముందున్న వంతెన అతనికి కనబడదు. కనబడేదంతా దాటివచ్చింది, వెంటపడి వచ్చేది.

1940 జూన్ 11న లండన్ గెజెట్‌లో ప్రకటన వచ్చింది. గార్లండ్‌కూ గ్రేకూ విక్టోరియా క్రాస్, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం. ఆ యుద్ధంలో వైమానిక దళానికి దక్కిన మొదటి రెండు. గార్లండ్ నాయకత్వాన్నీ, అంత నిప్పులోనూ గ్రే దారి చూపిన తీరునూ పొగిడి, ఆ ఇద్దరూ తిరిగి రాలేదన్న మాటతో ఆ ప్రకటన ముగుస్తుంది. రేనాల్డ్స్ కూడా తిరిగి రాలేదు. ఆ మాట అందులో లేదు. అతనికి ఏ పతకమూ రాలేదు.

ఎందుకని దీని మీద రాసినవాళ్ళు సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది. నిర్ణయం తీసుకొనే స్థానం గన్నరుది కాదు. పోదామన్నది పైలట్, ఇటు పోదామన్నది అబ్జర్వరు. వెనక సీటువాడు వాళ్ళు తీసుకుపోతే పోయినవాడు. కాగితం మీద చూస్తే ఈ వాదనలో లోపం పట్టుకోవడం కష్టం. పోనీ, దారి లేదా అంటే ఉంది. విక్టోరియా క్రాస్ నిబంధనల్లో 1856 నుంచీ ఒక వెసులుబాటు ఉంది. ఒక జట్టంతా సమానంగా ధైర్యం చూపితే, జట్టువాళ్ళే ఓటు వేసుకొని కొందరిని ఎంచవచ్చు. 1918లో కూడా దాన్ని వాడారు. ఓటు వేయడానికి ఈ ముగ్గురిలో ఒక్కడూ మిగలలేదు, నిజమే. కాని పేరు రాయడానికి ఓటు అక్కర్లేదు గదా.

ఇది చదివినరోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. దానికి కారణం బెల్జియం కాదు.

తొంభైల చివర్లో నేను ఒక చిన్న ఊరి బ్రాంచిలో ఆఫీసరుగా ఉండేవాణ్ణి. ఊరి చెరువు కట్ట పక్కనే బ్రాంచి. ఒక ఐప్పసి నెల రాత్రి వాన కొట్టి కొట్టి చెరువు పొర్లింది. కబురు అందుకొని మేనేజరు, నేను, మా దఫ్తరి ముగ్గురం పోయాం. మోకాలి లోతు నీళ్ళు. అప్పటికి ఇంకా కంప్యూటర్లు రాలేదు, ఊరివాళ్ళ డబ్బు సంగతంతా లెడ్జర్లలోనే ఉంది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. మేమిద్దరం తెరిచాం. నగదు పెట్టెలు, తాకట్టు నగల సంచులు మేం లెక్కచూసి అందించాం. వాటినీ, లెడ్జర్లనూ తల మీద పెట్టుకొని ఆ నీళ్ళలో మిద్దె మీదికి ఎక్కించినవాడు మా దఫ్తరి. ఎన్ని సార్లు ఎక్కి దిగాడో లెక్కపెట్టలేదు. నాకన్నా పదేళ్ళు పెద్ద. తెల్లవారేసరికి అతని అరికాలు తెగి ఉంది, ఏదో గాజుపెంకు.

రెండు నెలలకు పై ఆఫీసునుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. సమయస్ఫూర్తితో బ్యాంకు ఆస్తిని కాపాడిన మేనేజరు గారికి, ఆఫీసరు గారికి. రెండే పేర్లు. నేను మేనేజరు గారిని అడిగాను, అడగలేదని చెప్పను. ఆయన మంచివాడే. "సబ్‌స్టాఫ్‌కు ఇట్లాంటి లెటర్లు ఇచ్చే పద్ధతి లేదప్పా" అన్నాడు. తర్వాత నేను ఇంకెవరినీ అడగలేదు. ఆ మరుసటి ఏడు నా ప్రమోషను ఇంటర్వ్యూకు ఆ ఉత్తరం నకలు తీసుకుపోయాను. ఉత్తరం సంగతి దఫ్తరికి తెలుసు. టపా విప్పి ఫైలుకు పెట్టేది అతనే మరి. "అన్నా, నీ పేరు రాయలేదు" అంటే, "తాళంచెవి నా దగ్గర లేదు గదా సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎగతాళి చేశాడా, ఉన్నమాట అన్నాడా ఈనాటికీ తేల్చుకోలేను. ఈ వ్యాసంలో పేరు రాయనా అని ఈ మధ్య ఫోను చేశాను. రిటైరై కూతురి దగ్గర ఉన్నాడు. "ఇప్పుడెందుకులే సార్, వద్దు" అన్నాడు. అందుకని రాయడం లేదు.

వంతెన కథ తర్వాత బ్యాటిళ్ళకు ఇంకా పెద్ద దెబ్బ మిగిలే ఉంది. బెల్జియం ఎర మాత్రమే. అసలు దాడి దక్షిణాన, ఫ్రాన్సులో సెడాన్ దగ్గర మ్యూజ్ నది మీద. మే 13న జర్మన్లు నది దాటి పడవల వంతెనలు కట్టారు. వాటిని తెగ్గొట్టడానికి మే 14 మధ్యాహ్నం బ్రిటిష్‌వారు ఫ్రాన్సులో తమ దగ్గర లేవగలిగిన బాంబర్లన్నీ పంపారు. 63 బ్యాటిళ్ళు, 8 బ్లెన్‌హైములు, మొత్తం 71. నలభై తిరిగి రాలేదు. అందులో 35 బ్యాటిళ్ళు. నూటికి యాభై ఆరు. అంత పెద్ద దాడిలో అంత నష్టం ఆ దళం ముందూ చూడలేదు, వెనకా చూడలేదు. వంతెనలు నిలిచే ఉన్నాయి. జర్మన్ టాంకులు వాటి మీదుగా దాటి సముద్రం వైపు తిరిగాయి.

పుస్తకాల్లో బలంగా కనిపించిన ఆస్తి అయిదు రోజుల్లో అసలు విలువకు దిగింది. మా భాషలో దాన్ని రద్దుపద్దు రాయడం అంటాం. మొండి బకాయిని రద్దు రాస్తే నష్టం వాటాదార్లకు. ఇక్కడ ఒక్కొక్క పద్దుకూ ముగ్గురు మనుషులు. ఆర్డర్లు వేసినవాళ్ళెవరూ ఆ ముగ్గురిలో లేరు. ఈ పోలిక కఠినంగా ఉందంటే ఒప్పుకొంటాను. ఆ పైవాళ్ళకూ వేరే విమానం చేతిలో లేదు. వంతెన ఉందని తెలిసి ఊరుకొనే వీలూ లేదు. లేని డబ్బును కిటికీ దగ్గర ఇవ్వవలసి వచ్చినవాడి స్థితి అది.

ఆ తర్వాత బ్యాటిళ్ళను ఎక్కువగా రాత్రిపూటే పంపారు. జూన్ మధ్యకు మిగిలినవి ఫ్రాన్సు వదిలి ఇంగ్లండు చేరాయి. జర్మన్లు దండెత్తడానికి పడవలు కూర్చుకొన్న రేవుల మీద ఆ ఏడు అక్టోబరుదాకా బాంబులు వేశాయి. దేశం పోగొట్టుకొని వచ్చిన పోలండు వైమానికులకు మొదట ఇచ్చినవీ ఇవే. దక్షిణాఫ్రికావారు తూర్పు ఆఫ్రికాలో ఇటాలియన్ల మీద వాడారు. అక్కడ ఎదుట మెసర్‌ష్మిట్లు లేవు గనుక పనికొచ్చాయి.

గార్లండ్, గ్రే, రేనాల్డ్స్ ముగ్గురూ బెల్జియంలో ల్యూవెన్ పట్టణం దగ్గర హెవెర్లీ సైనిక శ్మశానంలో ఉన్నారు. అక్కడ మాత్రం ముగ్గురికీ ఒకే కొలత రాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత రాయల్ ఎయిర్‌ఫోర్స్ తన వీసీ-10 రవాణా విమానాలకు విక్టోరియా క్రాస్ పొందినవారి పేర్లు పెట్టింది. ఒకదానికి గార్లండ్, గ్రే పేర్లు కలిపి పెట్టారు. నియమం ప్రకారమే పెట్టారు.

బ్యాటిల్ చివరికి కుదురుకొన్నది బళ్ళో. కెనడాకు వందలాదిగా, ఆస్ట్రేలియాకు వందలాదిగా ఓడల్లో పంపి శిక్షణ విమానాలుగా వాడారు. రంగు కూడా మార్చారు, దూరంనుంచి కనబడేటట్టు పసుపు. ఒక బ్యాటిల్ తోకకు పొడుగాటి తాడుతో గుడ్డ గొట్టం కట్టుకొని పోతుంటే, పక్కన ఇంకో బ్యాటిల్ వెనక సీటులోనుంచి కుర్రవాళ్ళు దాన్ని గురిచూసి కాల్చడం నేర్చుకొనేవారు. కొన్నిటికి వెనక అద్దాల పందిరి తీసేసి తిరిగే టరెట్టు బిగించారు. నేర్పేది రేనాల్డ్స్ చేసిన పనే. వైమానిక దళం 1940లోనే గన్నర్ల నియమం మార్చింది. కెనడాలో ఆ శిక్షణ ముగించి ఓడ ఎక్కిన గన్నరు చేతి మీద కనీసం సార్జెంటు గీతలు మూడు ఉండేవి.